క్షవరపు కత్తికి సాన – నాలుగో పాఠం: వెన్నుకు టేపు

పోయిన పాఠంలో రాయిని చదును చేసుకున్నాం. అద్దం పలక మీద నీటి గరుకు కాగితం పరిచి, పెన్సిలు గళ్లన్నీ చెరిగిపోయేదాకా రాయిని రుద్దారు కదా, ఇక దాని మీదికి కత్తిని తేవచ్చు. తెచ్చే ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: వెన్నుకు (పదును అంచుకు ఎదురుగా ఉండే మందమైన వైపుకు) టేపు అంటించి నూరాలా, వట్టి వెన్నుతోనే నూరాలా? గీతలు పడకుండా చేసే చిన్న జాగ్రత్తగానే చాలామంది టేపును చూస్తారు. అంతకంటే పెద్ద సంగతి ఉంది కాబట్టే పాఠమంతా దీనికే ఇస్తున్నాను. అంటించిన క్షణం నుంచి టేపు కత్తి కోణంలో భాగమైపోతుంది.

కూరగాయల కత్తిని నూరేటప్పుడు కోణం మన మణికట్టు చేతిలో ఉంటుంది. క్షవరపు కత్తిది వేరే పద్ధతి. రాయి మీద పడుకోబెడితే వెన్నూ వాదరా (పదునైన అంచూ) రెండూ రాయిని తాకుతాయి. వెన్ను మందం, వెన్ను నుంచి వాదరకు ఉన్న వెడల్పు, ఈ రెండే కోణాన్ని నిర్ణయిస్తాయి. జర్మనీలోని సోలింగెన్‌లోనూ ఇంగ్లండులోని షెఫీల్డ్‌లోనూ ఈ కత్తులు చేసినవాళ్లు వెన్నును ఆ లెక్కతోనే తీర్చారు. నూరినకొద్దీ వాదరతోపాటు వెన్ను కూడా కొంచెం కొంచెం అరుగుతుంది. రెండూ కలిసి తగ్గుతాయి కనుక కోణం దాదాపు అలాగే నిలుస్తుంది. ఇంత తెలివైన అమరిక మరే కత్తికీ లేదని నా అభిప్రాయం.

లెక్క కష్టమేమీ కాదు. వెన్ను రాయిని తాకే చోట మందాన్ని వెర్నియర్‌తో కొలవండి. అక్కడి నుంచి వాదర దాకా వెడల్పు కొలవండి. మందాన్ని వెడల్పుతో భాగించి 57.3తో గుణిస్తే కోణం డిగ్రీలలో వస్తుంది. మందం 4.5 మి.మీ., వెడల్పు 16 మి.మీ. అనుకుంటే సుమారు 16 డిగ్రీలు. ఇప్పుడు 0.15 మి.మీ. టేపు ఒక పొర అంటించండి. వెన్నుకు రెండు వైపులా పడుతుంది కాబట్టి మందం 4.8 అవుతుంది, కోణం 17 డిగ్రీలు దాటుతుంది. రెండో పొర వేస్తే 18 దాటుతుంది. పొరకు ఒక డిగ్రీ అని గుర్తుంచుకుంటే చాలు. గడ్డానికి 16 నుంచి 18 మధ్య కోణం బాగుంటుంది. బాగా తగ్గితే వాదర పలచబడి త్వరగా చిట్లుతుంది, బాగా పెరిగితే వెంట్రుకను తెంపకుండా లాగుతుంది.

అమలాపురంలో చాలా ఏళ్లు ఈ కత్తితోనే పనిచేసిన ఒక పెద్దాయనకు నా టేపు చుట్ట చూపించాను. ఇప్పుడు అన్ని సెలూన్లలాగే ఆయన దుకాణంలోనూ బ్లేడు మార్చే కత్తులే ఉన్నాయి, కానీ పాత కత్తిని చేతిలోకి తీసుకున్న తీరులోనే ఆ అనుభవం తెలుస్తుంది. "ఇదెందుకు బాబూ? వెన్ను అరగాలండీ. అది అరిగితేనే వాదర కుదురుతుంది" అన్నారు. "మరి బంగారు నీరు పోసిన కత్తి అయితే ఏం చేస్తారు బాబాయిగారూ?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అలాంటిది మా చేతికి ఎప్పుడొచ్చిందండీ" అన్నారు.

ఆయన మాట రోజువారీ కత్తికి అక్షరాలా నిజం. సాదా వెన్ను, సరైన మందం, నిటారుగా ఉన్న వాదర గల కత్తికి టేపు అక్కర్లేదు. వట్టి వెన్నుతో నూరితే రాయి స్పర్శ చేతికి తెలుస్తుంది, టేపు ఆ స్పర్శను మొద్దుబారుస్తుంది. అయితే తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన కత్తి వెన్ను మీద చెక్కిన లతలో, పాత బంగారు పూతో ఉంటే టేపు వేసి తీరాలి. చెరిగిపోయిన చెక్కుడును మళ్లీ తెచ్చేవారు లేరు. వాదరలో పెద్ద గాటు పడి 1000 నంబరు రాయి మీద (నంబరు పెరిగినకొద్దీ రాయి మెత్తన) చాలాసేపు అరగదీయవలసి వచ్చినా వేయండి, లేకపోతే ఒక్క మరమ్మతుకే వెన్ను మీద వెడల్పాటి బల్లపరుపు పట్టీలు పడతాయి. పూర్వం ఎవరో ఎడాపెడా నూరి వెన్ను అరగగొట్టిన కత్తి మూడో రకం. మందం 3.8, వెడల్పు 15.5 మిగిలిందనుకోండి, కోణం 14కు పడిపోయినట్టే. దానికి రెండు పొరల టేపు వైద్యంలా పనిచేస్తుంది. ఇక పక్కలు లోపలికి గుంటలా తీయకుండా, చీలకలా చదునుగా ఉన్న పాత షెఫీల్డ్ కత్తిని టేపు లేకుండా పడుకోబెడితే పక్క మొత్తం రాయికి తగులుతుంది. టేపు దాన్ని పైకెత్తి వాదర దగ్గర మాత్రమే తగిలేలా చేస్తుంది.

టేపు కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. రొయ్యల చెరువుల్లో ఏరేటర్లు (నీటికి గాలి అందించే కరెంటు యంత్రాలు) తిరిగే ఈ ప్రాంతంలో ఇన్సులేషన్ టేపు లేని ఊరు లేదు. చాలా రకాలు 0.13 నుంచి 0.18 మి.మీ. మందంలో ఉంటాయి. నల్లది వద్దు, పసుపుదో తెల్లదో తీసుకోండి. అరిగి లోపలి ఉక్కు కనిపించడం మొదలైతే లేత రంగు మీద వెంటనే తెలుస్తుంది. ఫోన్లు బాగుచేసే దుకాణాల్లో తేనె రంగు కాప్టన్ టేపు ఉంటుంది. అది 0.06 మి.మీ. దగ్గర ఉంటుంది కాబట్టి కోణం అర డిగ్రీ కూడా పెరగదు, పైగా గట్టిది. అలంకారం కాపాడటమే మీ ఉద్దేశమైతే అదే మేలు.

అంటించే పని తొందరపడి చేయకండి. వేళ్లు తెగేది నూరేటప్పుడు కంటే ఇక్కడే ఎక్కువ. ముందుగా వెన్ను మీది నూనె, చేతి జిడ్డు పోయేలా స్పిరిట్‌తో తుడవండి. కత్తిని బల్ల మీద పక్కకు పడుకోబెట్టండి, వాదర మీకు అవతలి వైపు ఉండాలి. కత్తి పొడవు కంటే కాస్త ఎక్కువ టేపు కత్తిరించుకొని, సగం వెడల్పు వెన్ను మీద, సగం మీ వైపు బయటకు ఉండేలా పరచండి. టేపును సాగదీయవద్దు. సాగిన టేపు పలచబడుతుంది, కాసేపటికి వెనక్కు ముడుచుకొని మడతలు పడుతుంది. మడత ఉన్న చోట మందం పెరిగి కోణం మారుతుంది, వాదర రాయికి సమంగా తగలదు. మడమ (పిడి వైపు చివర) నుంచి కొన దాకా బొటనవేలితో నొక్కి గాలి బుడగలు తీసేయండి. కత్తిని తిప్పి మిగిలిన సగాన్ని వెన్ను మీదుగా అవతలి పక్కకు మడిచి అంటించండి. వేలు ఎప్పుడూ వెన్ను వెంబడే నడవాలి, వాదర వైపు జారకూడదు. టేపు బ్లేడు వెడల్పులో సగం దాటితే తీసి, నిలువుగా కత్తిరించి మళ్లీ వేయండి. కొనల దగ్గర మిగిలింది కత్తెరతో తీసేయండి.

మేలో ఒక ఇబ్బంది ఉంది. ఎండకు జిగురు మెత్తబడి టేపు వెన్ను మీద జారుతుంది. ఉదయం పూట నూరుకోండి.

ఇప్పుడు వాదర వాలు (అంచును ఆనుకొని రాయి తీర్చే సన్నని ఏటవాలు పట్టీ) రెండు వైపులా మార్కర్ పెన్నుతో రంగు పూయండి. తడి రాయి మీద వాదర ముందుకు నడిచేలా, కత్తి బరువు తప్ప మరే ఒత్తిడీ లేకుండా, నాలుగైదు సార్లు నడిపించండి. ఒత్తిడి పెడితే టేపు నలిగి కోణం మారుతుంది. భూతద్దంతో చూడండి. రంగు వాదర అంచు దాకా సమంగా పోతే కోణం కుదిరినట్టే. వాలు పైభాగంలో మాత్రమే పోయి అంచున మిగిలితే రాయి ఇంకా అంచును తాకడం లేదు. నేను చెప్పిన లెక్కలన్నిటికంటే ఈ రంగు సాక్ష్యాన్ని నమ్మండి.

ఆ రెండో పరిస్థితి ఎక్కువగా టేపుతో నూరిన కత్తిని తర్వాత టేపు లేకుండా నూరినప్పుడు వస్తుంది. 17 డిగ్రీల వాలున్న కత్తిని 16 డిగ్రీలలో పడుకోబెడితే రాయి వాలు భుజాన్నే (అంచుకు దూరంగా ఉన్న పైభాగాన్నే) తింటుంది. గంటసేపు నూరినా గడ్డం తెగదు, రాయి మంచిది కాదని నిందిస్తాం. దీనికి విరుద్ధంగా, టేపు లేకుండా నూరిన కత్తికి చివర్లో ఒక పొర వేస్తే రాయి సరిగ్గా అంచునే తాకి సన్నని రెండో వాలు ఏర్పడుతుంది. కొన్ని నడకల్లోనే పదును వస్తుంది. అది పనికొచ్చే పద్ధతే, కానీ అక్కడి నుంచి ఆ కత్తికి టేపు విడవకూడదు. కాబట్టి కత్తి పెట్టె లోపల ఒక చీటీ ఉంచండి: ఏ టేపు, ఎన్ని పొరలు. మీ తర్వాత ఆ కత్తి పట్టేవారికి కూడా ఆ చీటీ కావాలి.

రాయి మారినప్పుడల్లా టేపు మార్చండి. 1000 రాయి టేపును వేగంగా తినేస్తుంది. ఆ అరిగిన టేపుతోనే 5000కు, 8000కు పోతే టేపు ఇంకా పలచబడి, మెత్తని రాయి వాలు భుజాన్ని మెరిపిస్తుంది తప్ప అంచును చేరదు. కొత్త టేపు అంచుకు చేరుస్తుంది. మెత్తని రాయి రంధ్రాల్లో ప్లాస్టిక్ తునకలు చిక్కుకుంటే చిన్న రాతి ముక్కతో రుద్ది కడగండి.

నీటి విషయంలో పట్టుదలగా చెబుతాను. వరదల రోజుల్లో కాలువలో వచ్చే ఎర్రనీరు రాయి మీద పోయవద్దు. అందులోని ఒండ్రులో ఇసుక రేణువులుంటాయి, 8000 రాయి మీద ఒక్క రేణువు చాలు అంచున గీత పెట్టడానికి. నర్సాపురం, అంతర్వేది వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవారు బోరులో ఉప్పునీరు పడితే దాన్నీ వాడకండి. తాగే నీరే వాడుకోండి.

పని కాగానే టేపు తీసేయండి, రేపటికి ఉంచవద్దు. మన గాలిలో తేమకు కార్బన్ ఉక్కు ఊరికే తుప్పు పడుతుంది, టేపు కింద చిక్కిన నీటి చుక్క రాత్రికి రాత్రే మచ్చ చేయగలదు. టేపును వాదర నుంచి దూరంగా, వెన్ను వైపు లాగండి. మిగిలిన జిగురును కిరోసిన్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కుట్టుమిషను నూనె పలచగా రాయండి. పిడి లోపలికి వాదర వెళ్లే సందును కూడా ఆరబెట్టడం మరచిపోవద్దు.

అయిదో పాఠంలో తోలు పట్టీ మీద కత్తిని నడపడం. ఈలోగా మీ కత్తి మందం, వెడల్పు కొలిచి కోణం లెక్కకట్టండి, ఒక పొర టేపుతో 1000 రాయి మీద రంగు పరీక్ష చేయండి. రంగు అంచు దాకా రెండు వైపులా పోకుండా 5000 రాయిని తడపవద్దు.