శాంటోరిని వెళ్తే అక్రోతిరిని మిట్టమధ్యాహ్నానికి ఉంచుకోండి

గ్రీసు దీవి శాంటోరినిలో జులైలో పన్నెండు దాటితే నిలబడటానికి నీడ దొరకదు. తెల్లటి గోడల మీద పడిన ఎండ కళ్లల్లోకి కొడుతుంది. మేము మొదటి రోజు మధ్యాహ్నమంతా గదిలోనే పోగొట్టుకున్నాం.

రెండో రోజు ఇలా చేశాం. ఉదయమే దీవి ప్రధాన పట్టణం ఫిరాలోని ప్రాగైతిహాసిక మ్యూజియం చూసి, పదకొండున్నర ప్రాంతంలో ఫిరా బస్టాండులో అక్రోతిరి బస్సు ఎక్కాం. దాదాపు అరగంట ప్రయాణం. టికెట్ బస్సులోనే ఇస్తారు, చిల్లర యూరోలు దగ్గర ఉంచుకోండి. క్రీ.పూ. 1600 ప్రాంతంలో అగ్నిపర్వతం బద్దలై బూడిదలో కప్పేసిన ఊరు అక్రోతిరి. తవ్వకాలు 1967లో మొదలయ్యాయి. ఇప్పుడు తవ్విన భాగం మీద పెద్ద పైకప్పు ఉంది, అందుకే ఎండ తగలదు. రెండు మూడు అంతస్తుల ఇళ్లు, వరసగా పెట్టిన పెద్ద పెద్ద జాడీలు చూస్తూ గంటన్నర హాయిగా తిరిగాం. గోడల మీది బొమ్మలు మాత్రం అక్కడ ఉండవు. నీలి కోతుల చిత్రం ఫిరా మ్యూజియంలోనే ఉంది, అందుకే ముందు అది చూడమంటున్నాను. చూసి వెళ్తే ఆ ఖాళీ గోడలు వేరుగా కనిపిస్తాయి, నిజంగా.

దీవి ఉత్తర కొసన ఉన్న ఓయా ఊళ్లో బస చేసినవాళ్లకు అక్రోతిరికి నేరుగా బస్సు లేదు. ఫిరాలో మారాలి, ఆ సమయం కూడా కలుపుకోండి.

ఒక్క జాగ్రత్త: అక్రోతిరికి వారంలో సెలవు రోజు, మూసే వేళ సీజన్‌ను బట్టి మారతాయి. ముందురోజు రాత్రే చూసుకోకపోతే అంత ఎండలో గేటు దాకా వెళ్లి తిరిగి రావాల్సి వస్తుంది.