మంచం నుంచి చెట్టు నీడ దాకా మెట్టు లేని దారి

ఇంటి ముందు వేపచెట్టు ఉన్నా, మూడు మెట్లు దిగలేక గదిలోనే ఉండిపోయే పెద్దవాళ్లు నెల్లూరు, ఒంగోలు వైపు ఎందరో. వాళ్లకోసం ఇల్లు సరిచేసేటప్పుడు పూలకుండీలు తర్వాత కొనొచ్చు, ముందు దారి చూడండి.

1. గడప: పసుపు రాసే గడపను తీసేయక్కర్లేదు. నేల మీద అరంగుళం మించకుండా దించి, రెండు అంచులూ ఏటవాలుగా చెక్కించండి. తలుపు తెరిస్తే 3 అడుగుల ఖాళీ రావాలి.

2. ర్యాంపు: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. వసారా 18 అంగుళాల ఎత్తుంటే ర్యాంపు 18 అడుగులు. స్థలం లేదని మేస్త్రీ 8 అడుగుల్లో ముగిస్తానంటే ఒప్పుకోవద్దు. అది స్కూటరు ఎక్కించడానికి సరిపోతుంది, వాకర్‌తో దిగేవాళ్లు మాత్రం ముందుకు తూలిపోతారు. చోటు చాలకపోతే మధ్యలో 5 అడుగుల చదునైన చదరం కట్టి పక్కకు తిప్పండి. వెడల్పు 4 అడుగులు, అంచుల్లో 3 అంగుళాల గట్టు.

3. నేల: చీమకుర్తి నల్ల గ్రానైట్ దగ్గరే దొరుకుతుందని ర్యాంపుకీ పాలిష్ రాయే పరిచేస్తుంటారు. తడిస్తే జారుతుంది, ఎండలో అరికాళ్లు కాలతాయి. లేత రంగు గరుకు రాయి వేయండి. 4 అడుగుల వెడల్పుకు అరంగుళం పక్కవాలు ఇస్తే నీళ్లు నిలవవు. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ నీడలో పాచి పడుతుంది, వారానికోసారి బ్లీచింగ్ నీళ్లతో గట్టి బ్రష్షు పెట్టి రుద్దించాలి.

4. చేతికడ్డీ: రెండు వైపులా, 34 అంగుళాల ఎత్తున, ఒకటిన్నర అంగుళాల గుండ్రటి కడ్డీ. గోడకూ దానికీ మధ్య 2 అంగుళాలు వదలండి. సముద్రపు గాలికి ఇనుము తుప్పు పడుతుంది, రోహిణీ కార్తెలో స్టీలు ముట్టుకోలేం. టేకు మేలు.

5. నీడ: పడమటి గాడ్పుకు అడ్డంగా కానుగో వేపో, గోడకు 15 అడుగుల దూరాన నాటండి. దారి పక్కన మునగ వద్దు, తుపాను గాలికి కొమ్మలు ఇట్టే విరుగుతాయి. తీరానికి దగ్గరి ఊళ్లలో తూర్పు వైపు మూసేయకండి, మధ్యాహ్నం చల్లగాలి వచ్చేది అటునుంచే.

6. కిటికీ: అంచు 2 అడుగుల ఎత్తులో ఉంటే పడుకున్నా చెట్టు కనబడుతుంది. దోమల జాలీ తప్పనిసరి.

7. అరుగు: చెట్టు కింద 18 అంగుళాల ఎత్తున, వీపుకూ చేతులకూ ఆసరాతో కట్టండి. సిమెంటు పూయకముందే ఇటుకలు పేర్చి పెద్దాయన్ను కూర్చోబెట్టండి. లేవడానికి తంటాలు పడుతుంటే పైన ఇంకో అంగుళం మందం పలక వేయించండి.