వదలని టెన్షన్‌కూ మెదడు తరంగాలకూ లంకె ఏమిటి, ఇంట్లో ఏం చేయాలి

తల మీద ఇరవై దాకా ఎలక్ట్రోడ్లు పేస్టుతో అంటించి, ఈఈజీ (మెదడు విద్యుత్తును గీతలుగా నమోదు చేసే పరీక్ష) టెక్నీషియన్ "కళ్ళు మూసుకోండి" అంటారు. ఒకటి రెండు సెకన్లలోనే తల వెనక భాగం నుంచి వచ్చే గీతలు దువ్వెన పళ్ళలా వరసగా లేస్తాయి, సెకనుకు 10 చొప్పున. "తెరవండి" అనగానే ఆ వరస చెదిరిపోతుంది. మళ్ళీ మూసుకుని 100 లోంచి 7 చొప్పున తీసేస్తూ రమ్మంటే, కళ్ళు మూసే ఉన్నా గీతలు సన్నబడతాయి. ఆ దువ్వెన పళ్ళ వరసే ఆల్ఫా తరంగాలు. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో మనిషి మెదడు విద్యుత్తును తొలిసారి నమోదు చేసి, 1929లో ప్రచురించారు. కళ్ళు తెరిస్తే ఆల్ఫా తగ్గడాన్ని గమనించిందీ ఆయనే.

నెలల తరబడి టెన్షన్ వదలని వాళ్ళకు పనికొచ్చే సంగతి ఈ పరీక్షలోనే ఉంది. తరంగాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కళ్ళు, ధ్యాస మారాయి, వాటి వెంట తరంగం మారింది. అన్నం పొంగుతుంటే మంట తగ్గిస్తాం గానీ ఆవిరిని పట్టుకోబోం కదా. ఇక్కడ మంట అంటే శ్వాస, కండరాలు, నిద్ర, ఆగని ఆలోచన.

టెన్షన్‌లో తరంగాలకు ఏమవుతుంది

గాఢ నిద్రలో డెల్టా (4 హెర్ట్జ్ లోపు, అంటే సెకనుకు 4 తరంగాల లోపు), మగతలో థీటా (4–8), మెలకువగా ఉండి కుదురుగా కూర్చుంటే ఆల్ఫా (8–13), పనిలో చురుగ్గా ఉంటే బీటా (13–30), ఆపైన గామా. ఇవన్నీ ఎప్పుడూ కలిసే ఉంటాయి, పాళ్ళు మారతాయంతే. బీటా చెడ్డదీ ఆల్ఫా మంచిదీ అన్న ప్రచారాన్ని నమ్మకండి. బీటా లేకుండా హైదరాబాద్ రాయదుర్గంలో కోడ్ రాయలేరు, పంజాగుట్ట సర్కిల్లో బండి నడపలేరు.

ఒత్తిడి అలవాటైపోయినప్పుడు మెదడులో భయాన్ని పసిగట్టే అమిగ్డాలా చిన్న విషయానికీ అలారం కొడుతుంది, ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ ఎక్కువసేపు పారుతుంది, ఒళ్ళు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు ఉంటుంది. అలాంటి వాళ్ళలో కూర్చుని కళ్ళు మూసుకున్నా ఆల్ఫా సరిగా నిలవకపోవడం, వేగమైన బీటా ఎక్కువగా ఉండడం కొన్ని పరిశోధనల్లో కనిపించింది. నిద్రలేమి ఉన్నవాళ్ళలో నిద్రలో కూడా బీటా ఎక్కువగా కనిపిస్తుంది. పడుకున్నా పడుకున్నట్టు లేదని వాళ్ళు చెప్పే మాట కల్పన కాదు. అయితే ఇవి గుంపుల సగటు లెక్కలు. ఒక్క మనిషి ఈఈజీ చూసి "మీకు ఆందోళన వ్యాధి ఉంది" అని చెప్పడం కుదరదు.

శ్వాస: నిమిషానికి 6

మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని 6కు దించాలి. ముక్కుతో 4 సెకన్లు లోపలికి, ముక్కుతోనే 6 సెకన్లు బయటికి. ఒక్కో శ్వాసకు 10 సెకన్లు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది, అందుకే వదిలే భాగం పొడవుగా ఉండాలి. 10 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. నడుము నిటారుగా కుర్చీలో కూర్చోండి, పాదాలు నేలకు ఆనాలి, ఒక చెయ్యి పొట్ట మీద. పొట్ట లేవాలి, భుజాలు లేవకూడదు.

పడుకుని చేయొద్దు. మగత వస్తే ఆల్ఫా జారిపోయి థీటా వచ్చేస్తుంది. నిద్రపోవడం మంచిదే గానీ, మెలకువలో కుదురుగా ఉండడాన్ని ఒళ్ళు నేర్చుకోదు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నెమ్మదిగా తీయమంటే పెద్దగా తీస్తారు. గుండెల నిండా గాలి పీల్చి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. మూడు నాలుగు నిమిషాల్లో తల తిరుగుతుంది, వేళ్ళ చివర్లు, పెదవుల చుట్టూ చిమచిమలాడతాయి. "చూశారా, ఇది చేస్తే గాబరా ఇంకా పెరుగుతోంది" అని మానేస్తారు. గాలి మోతాదు పెంచకూడదు, సమయం మాత్రమే సాగాలి. ముక్కు కింద వేలు పెడితే గాలి తగిలీ తగలనట్టు ఉండాలి. చిమచిమలు వస్తే ఆపి, ఓ రెండు నిమిషాలు మామూలుగా ఊపిరి తీసుకోండి. 4–6 కష్టమైతే 3–4తో మొదలుపెట్టి, వారం తరవాత పెంచండి. ఊపిరి బిగబట్టడం వద్దు. ఆస్తమా లాంటి ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళు ముందు డాక్టర్‌ని అడగండి.

మొదటి రెండు నిమిషాలు ఆలోచనలు ఇంకా గోల చేస్తాయి, అది మామూలే. నాగోలు నుంచి రాయదుర్గం మెట్రోలో సీటు దొరికితే చేసుకోవచ్చు. బండి నడుపుతూ మాత్రం ఎప్పుడూ చేయకండి.

భ్రామరి ప్రాణాయామం అలవాటు ఉన్నవాళ్ళు అదే చేసుకోవచ్చు. "మ్" అని నాదం చేస్తున్నంతసేపూ వదిలే శ్వాస దానంతటదే పొడవవుతుంది, లెక్కపెట్టే పని ఉండదు.

దవడ, నుదురు, భుజాలు

కీబోర్డు ముందు 3 గంటలు కూర్చున్నాక పై పళ్ళు, కింది పళ్ళు ఆని ఉన్నాయో లేదో చూసుకోండి. పెదవులు కలిసి, పళ్ళు విడివడి ఉండడమే సహజ స్థితి. ఒక్కో చోట 5 నుంచి 7 సెకన్లు బిగించి, 20 నుంచి 30 సెకన్లు వదిలేయాలి. పిడికిళ్ళు, భుజాలు, నుదురు, దవడ, పొట్ట, పిక్కలు, ఈ వరసలో. నొప్పి పుట్టేంత బిగించక్కర్లేదు, సగం బలం చాలు. అసలు పని వదిలే 30 సెకన్లలో జరుగుతుంది. తొందరపడి దాన్ని 5 సెకన్లకు కుదిస్తే ఒళ్ళు బిగుసుకోవడమే మిగులుతుంది. మెడ నొప్పి ఉంటే భుజాల దగ్గర బిగించకుండా వదలడం మాత్రమే చేయండి.

టీ, రాత్రి, ఆలోచన

కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6కు తాగిన ఇరానీ చాయ్‌లో సగం కెఫీన్ రాత్రి 11కు కూడా ఒంట్లోనే ఉంటుంది. పడుకోవడానికి 8 గంటల ముందే ఆఖరి చాయ్ అయిపోవాలి. రోజుకు ఐదారు కప్పులు తాగేవాళ్ళు ఒక్కసారి మానేస్తే రెండు మూడు రోజులు తలనొప్పి, చిరాకు వస్తాయి, మూడు రోజులకో కప్పు తగ్గించండి.

డెల్టా నిద్ర ఎక్కువగా రాత్రి మొదటి మూడో వంతులో వస్తుంది. పడుకునే వేళ ఎలా ఉన్నా, లేచే వేళ మాత్రం ఆదివారం కూడా మారకూడదు. 20 నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే (గడియారం చూడకండి, అంచనా చాలు) లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చుని, కళ్ళు బరువెక్కాక మళ్ళీ పక్క మీదకు రండి. మద్యం తాగితే నిద్ర త్వరగా పట్టినా రాత్రి రెండో సగం ముక్కలైపోతుంది. అమెరికా వేళల షిఫ్టు చేసి తెల్లారి క్యాబ్‌లో ఇంటికి వచ్చేవాళ్ళు దారిలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టుకోవడం మంచిది. ఇంట్లోవాళ్ళు ఆ నిద్ర వేళంతా బెల్లు కొట్టనివ్వకపోవడం ఇంకా పెద్ద సాయం.

ఆలోచనలకు రోజూ సాయంత్రం 15 నిమిషాలు, నోటుబుక్కులో రెండు గళ్ళు. "రేపు నేను చేయగలిగేది", "నా చేతిలో లేనిది". అలారం మోగగానే పుస్తకం మూసేయండి. రాత్రి ఏదైనా గుర్తొస్తే, "రేపు సాయంత్రం 6 గంటలకు" అని వాయిదా వేయండి. పక్క మీద కూర్చుని రాయొద్దు.

హెడ్‌బ్యాండ్లు, యాప్‌లు, రంగుల పటాలు

నుదుటికి కట్టుకునే ఈఈజీ హెడ్‌బ్యాండ్ కొన్నవాళ్ళు మొదటి రోజే ఈ పరీక్ష చేయండి. కట్టుకుని 5 సార్లు రెప్పలు ఆర్పండి, తరవాత 5 సెకన్లు పళ్ళు బిగించండి. రెప్పలకు నెమ్మది తరంగాలు ఎగిసి, పళ్ళకు బీటా పెరిగితే, అవి మెదడువి కావు, కళ్ళవీ కండరాలవీ. మెదడు తరంగం మైక్రోవోల్టుల్లో ఉంటుంది, దవడ కండరం దాన్ని తేలిగ్గా ముంచేస్తుంది. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి పక్కన ఉంచుకుంటే కరెంటు లైను తాలూకు 50 హెర్ట్జ్ రొద కూడా దూరుతుంది. అందుకే యాప్ చూపే స్ట్రెస్ స్కోరు చూసి భయపడొద్దు. స్కోరు కోసం పాకులాడితే అదే ఇంకో టెన్షన్.

రెండు చెవుల్లో రెండు స్వరాలు వినిపించి ఆల్ఫా తెప్పిస్తామనే ఆడియోల మీద ఆధారాలు బలంగా లేవు. హాయిగా ఉంటే వినండి, చికిత్స అనుకోకండి. న్యూరోఫీడ్‌బ్యాక్ (మెదడు తరంగాలను తెర మీద చూపి, వాటిని మార్చుకోవడం నేర్పే పద్ధతి) సెషన్ల ఫలితాలు కూడా పరిశోధనల్లో ఒకేలా లేవు. ప్యాకేజీకి ముందే డబ్బు కట్టేయకండి. మెదడు రంగుల పటం చూపి ఆందోళన అని తేల్చేవాళ్ళను ఒక్క మాట అడగండి: "ఇది లేకుండా, నాతో మాట్లాడి నిర్ధారించలేరా?"

డాక్టర్ ఈఈజీ రాస్తే

అది సాధారణంగా మూర్ఛలాంటి వాటిని తోసిపుచ్చడానికి. ముందు రోజు షాంపూతో తలస్నానం చేయండి, నూనె, జెల్, కండిషనర్ రాయకండి. నూనె ఉంటే ఎలక్ట్రోడ్ నిలవదు, గీతలన్నీ ఊగుతాయి. ఖాళీ కడుపుతో వెళ్ళక్కర్లేదు. వాడే మాత్రల పేర్లు తప్పకుండా చెప్పండి. ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి బీటాను పెంచుతాయి. రిపోర్టులో "ఫాస్ట్ యాక్టివిటీ" అని ఉంటే అది మాత్రల పని కావచ్చు. ఆ మాత్రలను మీ అంతట మీరు ఒక్కసారి ఆపకండి, ఫిట్స్ రావచ్చు.

ఎప్పుడు ఆగకూడదు

ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకి చెమటలు పడితే శ్వాస లెక్కపెడుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి. చనిపోవాలనిపిస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి. టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరును ఎగతాళికి వాడడం మన ఊళ్ళో పాత అలవాటు. ఆ ఒక్క మాటకు జంకి ఎంతమంది చికిత్సకు ఆలస్యంగా వస్తారో తలచుకుంటే బాధేస్తుంది.

అంత తీవ్రత లేకపోతే, ఆందోళన ఎంత ఉందో కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళి వేసుకోండి. గత 2 వారాల గురించి 7 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. థైరాయిడ్ ఎక్కువైనా గుండె దడ, చేతుల వణుకు వస్తాయి కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష గురించి అడగండి. వెళ్ళే ముందు 2 వారాలు ఒక కాగితం మీద పడుకున్న వేళ, లేచిన వేళ, చాయ్ లెక్క, గాబరా 10కి ఎంత, ఎప్పుడు వచ్చింది అని రాయండి. ఆ కాగితం, పాత మందుల చీటీలు వెంట తీసుకెళ్ళండి.