ఫైబర్ బోటుకి ఫ్యాను, ఇంజన్ ఎత్తు – 4వ పాఠం: ముందు బోటు అడుగు గీత పట్టుకోండి

ఈసారి ఫ్యాను (ఇంజన్ కింద నీళ్ళలో తిరిగే ప్రొపెల్లర్) పిచ్, అంటే ఒక చుట్టుకి ఎంత ముందుకి నెడుతుందో చెప్పే కొలత, ఎలా ఎంచుకోవాలో చెప్తానని కిందటి పాఠం చివర మాటిచ్చాను. చెప్తాను, కానీ సగం పాఠం ఇంజన్ ఎత్తు మీదే పోతుంది. మూడో పాఠంలో "ఇంజన్ అవసరానికి మించి లోతులో ఉంటే నీళ్ళు పట్టి వెనక్కి లాగుతాయి, స్పీడు తగ్గుతుంది" అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్ళిపోయాను. ఎంత ఎత్తాలి, ఎక్కడి నుంచి కొలవాలి అన్నది రాయలేదు, అది నా తప్పు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఒడిశా తీరంలో సోనాపూర్ నుంచి ఆర్యపల్లి దాకా చాలామంది ఇంజన్లు ఎత్తేశారు.

సోనాపూర్ తమ్ముడొకడిది 28 అడుగుల బోటు, 15 గుర్రాల (హెచ్‌పీ) ఇంజన్. ఇంజన్‌ని బోటుకి పట్టించే క్లాంపు కింద రెండంగుళాల చెక్కముక్క పెట్టి బిగించి తెల్లారగట్ట వేటకి బయల్దేరాడు. బాహుదా నది సముద్రంలో కలిసే మొగ పక్కన రెండో కెరటం దాటుతుంటే, ముక్కు కిందికి దిగి వెనక భాగం పైకి లేచిన ఆ క్షణంలో ఫ్యాను గాలి పీల్చింది. "ఇంజన్ కేకలు పెడుతోంది అన్నా, బోటు మాత్రం కదల్లేదు" అన్నాడు ఫోన్లో. భయంతో యాక్సిలరేటర్ తిప్పి ఇంకా గ్యాసు ఇచ్చాడు. బోటు కెరటానికి అడ్డం తిరిగింది, మూడో కెరటం చిన్నది కాబట్టి ఒడ్డుకి నెట్టేసి ఊరుకుంది. మనుషులు బాగున్నారు, వల తడిసి ఇసుక పట్టింది, అంతే. ఆ ఫోను తర్వాత నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కాబట్టి అందరికీ ముందు ఈ ఒక్కటి: ఫ్యాను గాలి పీల్చితే గ్యాసు పెంచకండి, తగ్గించండి. రెక్కల చుట్టూ గాలి చేరాక మీరెంత తిప్పినా అది గాలిలోనే తిరుగుతుంది. ఒక్క క్షణం తగ్గిస్తే నీళ్ళు మళ్ళీ రెక్కలకి పట్టుకుంటాయి, అప్పుడు నెమ్మదిగా ఇవ్వండి. కెరటాల మధ్యలో తగ్గించడానికి చెయ్యి రాదు, నాకు తెలుసు, అందుకే ఇది రేవు దాటిన తర్వాత మెల్లగా ఉన్న నీళ్ళలో పదిసార్లు చేసి చేతికి అలవాటు చేసుకోవాలి.

ఇదే పని చేసిన రంభ వైపు ఇంకొకాయన మాత్రం బోటు ఒక నాట్ (గంటకి 1.85 కిలోమీటర్లు) ఎక్కువ పోతోందని సంతోషంగా చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. చిలికా సరస్సు నీళ్ళు పొద్దున్నే పళ్ళెంలో పోసినట్టు ఉంటాయి, ఆయన బోటు 18 అడుగుల తేలిక బోటు, ఎక్కేది ఇద్దరు. ఇద్దరూ చేసింది ఒకే పని, కానీ నీళ్ళు వేరు, బోటు వేరు, బరువు వేరు.

అసలు ఈ ఎత్తడం అందరికీ ఎక్కడి నుంచి అంటుకుందో అడిగితే అందరూ ఒకే రకం వీడియోలు పంపారు, అమెరికా వాళ్ళ బాస్ బోట్లవి. బాస్ అంటే అక్కడి మంచినీటి చెరువుల్లో గాలానికి పట్టే చేప, దాని పోటీల కోసం చేసిన బోటు అది. 20 అడుగుల పొడవుకి 200, 250 గుర్రాల ఇంజన్ పెడతారు. గంటకి 100 కిలోమీటర్లు దాటి పోయేటప్పుడు బోటంతా గాలిలో ఉండి, అడుగున వెనక వైపు ఒక సన్నటి చదును పట్టీ మాత్రమే నీళ్ళకి తగులుతుంది. ఇంజన్ నేరుగా వెనక చెక్కకి కాకుండా జాక్ ప్లేట్ అనే లోహపు చట్రం మీద కొన్ని అంగుళాలు వెనక్కి జరిగి ఉంటుంది. అడుగు కింద నుంచి బయటికొచ్చిన నీళ్ళు వెనక్కి పోయేకొద్దీ పైకి లేస్తాయి, అందుకని ఇంజన్ ఎంత వెనక్కి జరిగితే అంత ఎత్తొచ్చు, సుమారుగా పది అంగుళాల వెనక్కి ఒక అంగుళం పైకి. ఇంజన్ చల్లబడేందుకు నీళ్ళు లాక్కునే రంధ్రాలు బాగా కిందికి ఉండే గేరుబాక్సు, కళ్ళెదుట నీటి ప్రెషర్ మీటరు, కాస్త గాలి కలిసినా నీళ్ళు వదలని స్టీలు ఫ్యాను, ఇవన్నీ ఉంటేనే వాళ్ళు అంత ఎత్తుతారు. మన బోటులో ఇందులో ఒక్కటీ లేదు. వాళ్ళది నేర్చుకోవద్దని కాదు, వాళ్ళు ప్రతి పావు అంగుళానికీ ఆగి, నడిపి, రాసుకుంటారు. మనం తీసుకోవాల్సింది ఆ అలవాటు, ఆ ఎత్తు కాదు.

ఇప్పుడు కొలత. నాకు వచ్చిన ఫొటోల్లో మూడొంతులు ఇక్కడే తప్పాయి కాబట్టి ఇది కొంచెం సాగదీసి చెప్తాను, విసుక్కోకండి.

ఫ్యాను పైన అడ్డంగా ఉండే రేకు లాంటి పలకని రేవులో అందరూ కేవిటేషన్ ప్లేట్ అంటారు. పై నుంచి గాలి ఫ్యానులోకి దిగకుండా ఆపడం దాని పని. ఎత్తు కొలవడమంటే ఈ ప్లేటు బోటు అడుగు గీతకి ఎంత పైన లేక ఎంత కింద ఉందో చూడటం. అడుగు గీతకి అన్నాను, నీటి గీతకి కాదు. ఒకాయన బోటుని నీళ్ళలో నిలబెట్టి, ప్లేటు మీద ఒక అడుగు లోతు నీళ్ళున్నాయి అన్నా, ఇంజన్ మరీ కిందికి ఉంది అని ఫొటో పెట్టాడు. నిలబడి ఉన్న బోటులో ప్రతి ఇంజన్‌కీ ప్లేటు మీద నీళ్ళుంటాయి. బోటు పరుగెత్తేటప్పుడు అడుగు కింద నుంచి వచ్చే నీళ్ళు ఏ మట్టంలో వెనక్కి వెళ్తాయో అదే మనకి కావాలి, అది అడుగు గీతే చెప్తుంది.

రెండో తప్పు రసమట్టం. మేస్త్రీ పనికి రసమట్టం, ఇక్కడ దాన్ని ఇంట్లో పెట్టి రండి. ఇసుక ఒడ్డు మీద బోటు ముక్కు పైకి, వెనక కిందికి వాలి ఉంటుంది. మీరు రసమట్టం పెట్టి బుడగ మధ్యలోకి వచ్చిందని చూసుకుంటే నేలకి మట్టం చూసినట్టు, బోటుకి కాదు. ఐదడుగుల వంకర లేని చెక్క బద్ద ఒకటి తీసుకోండి, అల్యూమినియం తలుపు బద్ద అయితే ఇంకా మంచిది, వంగదు. దాన్ని బోటు అడుగుకి కింద నుంచి ఆనించి పట్టుకుంటే మూడడుగులు అడుగుకి అంటుకుని, రెండడుగులు వెనక్కి ఇంజన్ పక్కకి పొడుచుకు రావాలి. బద్ద పై అంచే మీ అడుగు గీత. బోటు ఎంత వాలి ఉన్నా ఇది మారదు.

మూడోది అన్నిటికంటే ఎక్కువ మందిని పడేసింది. అడుగున నడిమధ్య కీల్ ఉంటుంది కదా, ఇసుక మీద ఈడ్చేటప్పుడు అరిగేది, బద్దని దాని కింద ఆనించారు. కీల్ రెండంగుళాలు కిందికి ఉంటే మీ కొలత రెండంగుళాలు తప్పినట్టే. బద్దని కీల్ పక్కన, బెత్తెడు దూరంలో, అసలు అడుగుకి ఆనించాలి. మరీ పక్కకి పోయినా తప్పే, అడుగు పడవ ఆకారంలో పైకి లేస్తూ పోతుంది. బెత్తెడు దూరం, అంతే. ఇంకొకటి, ఇంజన్ వంపు పిన్ను ఏ రంధ్రంలో ఉందో చూసి ప్లేటు బద్దకి సమాంతరంగా వచ్చేలా ముందే మార్చుకోండి, ప్లేటు ముక్కు పైకో కిందికో ఉంటే ఎక్కడ కొలిచారన్న దాన్ని బట్టి అంగుళం తేడా వస్తుంది.

ఇక ఎంత ఉండాలి? చిలికా లాంటి నిలకడ నీళ్ళలో, తేలిక బోటుకి, ప్లేటు అడుగు గీతతో సమానంగా ఉంటే చాలు. కెరటాలు దాటి సముద్రంలోకి పోయే బోటుకి నేను అంగుళం కిందే ఉంచుతాను, కీల్ వెనక చెక్క దాకా సాగి ఉంటే ఇంకో అర అంగుళం కిందికి, ఎందుకంటే కీల్ వెనక నీళ్ళు సుడి తిరిగి గాలి కలుపుకుని ఫ్యాను మీదికి వస్తాయి. ఆ అంగుళానికి అర నాట్ స్పీడు పోతే పోనివ్వండి. పెద్ద ఇంజన్లకి వెనక బోల్టు రంధ్రాలు ముప్పావు అంగుళం దూరంలో ఉంటాయి, ఒక్కో రంధ్రం మార్చి చూడొచ్చు. మన చిన్న ఇంజన్లకి క్లాంపు స్క్రూలే కాబట్టి అర అంగుళం ప్లైవుడ్ ముక్కలు నాలుగు కోసి పెట్టుకోండి. ముక్క పెట్టాక స్క్రూలు బిగించి, ఇంజన్‌ని తాడుతోనో గొలుసుతోనో బోటుకి కట్టడం మర్చిపోకండి.

ఎత్తు మార్చిన ప్రతిసారీ ఇంజన్ పక్క నుంచి సన్నగా పోసే నీళ్ళ ధార చూడాలి. అది తెగి తెగి వచ్చినా, ఆవిరిగా వచ్చినా వెంటనే ఆపండి. లోపల నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లర్‌కి ఆ నీళ్ళే నూనె. నేను పని నేర్చుకునే రోజుల్లో డ్రమ్ములో నీళ్ళు చాలకుండా ఇంజన్ నడిపాను. విప్పి చూస్తే ఆరు రెక్కల్లో రెండే మిగిలాయి, మిగతావి నల్లటి ముక్కలై పై గొట్టంలో ఇరుక్కున్నాయి, వాటిని సైకిల్ పుల్లతో ఒక్కొక్కటీ లాగాల్సి వచ్చింది. చిలికా వాళ్ళకి ఎత్తు సరిగ్గా ఉన్నా నాచు నీళ్ళు లాక్కునే రంధ్రాలకి చుట్టుకుంటుంది, ఆగినప్పుడల్లా చెయ్యి పెట్టి తుడవండి.

ఎత్తు కుదిరింది. ఇప్పుడు ఫ్యాను. విప్పడం, బిగించడం మీకు తెలుసు, అది చెప్పను. ఫ్యాను మీద 9¼ × 11 అని ఉంటే మొదటిది అడ్డం కొలత (వ్యాసం), రెండోది పిచ్, అంటే జారుడు లేకుండా ఒక చుట్టుకి ఎన్ని అంగుళాలు ముందుకి పోవాలో అది.

పిచ్ ఎంచేది స్పీడు చూసి కాదు, నిండు బరువుతో ఫుల్ గ్యాసులో ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూసి. మీ ఇంజన్ పుస్తకంలో 4500 నుంచి 5500 అని ఉందనుకోండి, బరువుతో ఉన్నప్పుడు 5000 పైన తిరగాలి. వల, ఐసు, నలుగురు మనుషులు, తిరుగు ప్రయాణంలో పట్టిన చేపలు, కవళ్ళో కానాగంతలో, అదీ బరువంటే. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. 11 పిచ్‌తో 4600 వస్తుంటే 9కి దిగండి, 5000 దగ్గరికి వస్తుంది. తర్వాత ఖాళీ బోటుతో ఫుల్ గ్యాసు ఇచ్చి 5500 దాటడం లేదని చూసుకోండి. ఇంజన్ ఎక్కువ తిరిగితే పాడవుతుందని అందరికీ భయం, పెద్ద పిచ్ వేసి బరువు మీద మూలుగుతూ నడిపినా అంతే పాడవుతుంది, దీనికి మాత్రం ఎవరూ భయపడరు.

చుట్లు కొలిచేందుకు ప్లగ్ వైరుకి చుట్టే చిన్న మీటరు కొన్నవాళ్ళలో ఇద్దరికి 2500, ఒకరికి 10,000 వచ్చింది. మీటరు సెట్టింగు తప్పు. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో ప్రతి చుట్టుకీ ఒకసారి ప్లగ్ కొడుతుంది, అలా పెట్టుకోండి. సగమో రెట్టింపో వస్తే ఫ్యాను కొనడానికి పరుగెత్తకండి.

జారుడు, అంటే లెక్క ప్రకారం రావాల్సిన స్పీడుకీ నిజంగా వచ్చే స్పీడుకీ తేడా, ఒక్కసారి లెక్క చేసి చూపిస్తాను. రంభ ఆయన బోటే తీసుకుందాం. ఇంజన్ 5000 చుట్లు, గేరు నిష్పత్తి 2.08, భాగిస్తే ఫ్యాను నిమిషానికి 2404 చుట్లు. 9 పిచ్‌తో గుణిస్తే 21,635 అంగుళాలు. నిమిషానికి 1215 అంగుళాలంటే ఒక నాట్, కాబట్టి 1215తో భాగిస్తే 17.8 నాట్లు, ఇది కాగితం మీది స్పీడు. ఫోన్ జీపీఎస్‌లో వచ్చింది 13.5 అనుకుంటే జారుడు 24 శాతం. తేలిక బోటుకి ఇది బాగానే ఉన్నట్టు. సోనాపూర్ తమ్ముడి బోటుకి ఇదే లెక్క చేస్తే 50 శాతం రావచ్చు, కంగారు పడొద్దు, బరువు బోటు నీళ్ళు చీల్చుకుని పోతుంది, నీళ్ళ మీదికి లేవదు. అలాంటి బోటుకి జారుడు పక్కన పెట్టి చుట్లు మాత్రమే చూడండి, అడ్డం కొలత గేరుబాక్సు ఎంత పట్టనిస్తే అంత పెద్దది, పిచ్ చిన్నది వెయ్యండి.

స్టీలు ఫ్యాను గురించి అడిగారు. నేను వెయ్యను, వెయ్యమనను. మనం రోజూ ఇసుకకి కొట్టుకుంటాం, అల్యూమినియం రెక్క వంగితే కొట్టి సరిచేసుకోవచ్చు, స్టీలు వంగకపోతే ఆ దెబ్బ లోపల గేర్లకి పోతుంది.

అభ్యాసం. మొదటి రోజు బద్దతో కొలవడమే, స్క్రూ ముట్టుకోకండి, కొలత ప్లేటు ముక్కు దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి రాయండి. రెండో రోజు 50 కిలోల ఇసుక బస్తాలు మీ మామూలు వేట బరువుకి సరిపడా ఎక్కించి, ప్లేటు అంగుళం కింద, అర అంగుళం కింద, సమానంగా, ఈ మూడు ఎత్తుల్లోనూ నడపండి. ఒక్కో ఎత్తుకి ప్రవాహంతో ఒకసారి, ఎదురుగా ఒకసారి పోయి సగటు తీయండి, లేకపోతే మీరు కొలిచేది సముద్రాన్ని, బోటుని కాదు. ప్రతి ఎత్తులోనూ ముప్పావు గ్యాసులో గట్టిగా మలుపు తిప్పండి, మలుపులో ఫ్యాను నీళ్ళు వదిలితే ఆ ఎత్తు కొట్టెయ్యండి. ఇద్దరికి తక్కువ వెళ్ళొద్దు, లైఫ్ జాకెట్ లేకుండా వద్దు. ఋషికుల్య నది మొగ దగ్గరివాళ్ళు నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ళ కోసం ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల దాకా వేట నిషేధం ఉంటుంది కాబట్టి అందులోకి ఈ పని మీద దిగకండి.

మూడో రోజే ఫ్యాను. ఎత్తు మార్చిన రోజు ఫ్యాను మార్చితే ఏది ఏం చేసిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. బరువు, ఎత్తు, పిచ్, చుట్లు, రెండు వైపులా స్పీడు, నీళ్ళ ధార ఎలా ఉంది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫొటో పంపండి, ఐదో పాఠం ఆ కాగితాల మీదే రాస్తాను. ఫ్యాను బిగించేటప్పుడు నట్టు ఊడకుండా పెట్టే పాత కాటర్ పిన్ను మళ్ళీ వంచి పెట్టకండి, కొత్తది వెయ్యండి.