తిరుపతి కొత్తగా వస్తున్నారా? స్టేషన్ నుంచి కొండ మీదికి బస్సులో ఎలా వెళ్ళాలి?

తిరుపతిలో ఇల్లుంటే ఏడాది పొడుగునా చుట్టాలు వస్తూనే ఉంటారు. మొక్కులవాళ్ళు, కొత్త పెళ్ళివాళ్ళు, పుట్టువెంట్రుకలు తీయించాల్సిన పిల్లలతో తల్లిదండ్రులు. స్టేషన్ బయట అడుగు పెట్టగానే "యాడికి సామీ, కొండకా? రండి, ఇప్పుడే బయల్దేరతాది" అంటూ జీపులవాళ్ళు చుట్టుముడతారు. సగంమంది అక్కడే లొంగిపోతారు. తక్కినవాళ్ళు బస్సెక్కుతారు గానీ కొండ మొదట్లో తనిఖీ జరిగే అలిపిరి దగ్గర ఆ బస్సు కాస్తా పోగొట్టుకుని నాకు ఫోన్ చేస్తారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇదంతా ఒకచోట రాస్తున్నా.

వెంట ఏముండాలి

మనిషికి ఒక సంచి, అది ఎవరిది వాళ్ళు మోయగలిగేంత. ఆధార్ కార్డు, కొంచెం చిల్లర, ఒక స్టీలు సీసా. చక్రాల సూట్‌కేసు వద్దు. తప్పదంటారా, దాన్ని కిందే గదిలోనో క్లోక్ రూములోనో పెట్టి రండి.

ఎక్కడ దిగాలి

టికెట్ తీసేటప్పుడే రైలు తిరుపతి దాకా వస్తుందా, రేణిగుంట మీదుగా వెళ్ళిపోతుందా చూసుకోండి. చెన్నై, ముంబై లైన్‌లో పోయే రైళ్ళు చాలావాటికి రేణిగుంటే స్టాపు. అక్కడ దిగినా కంగారు లేదు. ఊరు పది కిలోమీటర్లే, బస్సులూ షేర్ ఆటోలూ ఉంటాయి. విమానాశ్రయం కూడా ఆ వైపే.

తిరుపతి స్టేషన్‌లో దిగితే ఎదురుగా దేవస్థానం వసతి గృహం విష్ణు నివాసం కనిపిస్తుంది. బస్టాండు ఎదురుగా ఉండే ఇంకో వసతి గృహం శ్రీనివాసం. ఈ రెండూ గుర్తుంటే ఊళ్ళో దారి తప్పరు. సర్వదర్శనం టోకెన్లు కూడా ఈ రెండు చోట్లా, అలిపిరి దగ్గరి భూదేవి కాంప్లెక్స్‌లోనూ ఇస్తారు. టోకెన్ కావాలంటే ఆ పని కిందే ముగించుకోండి. పైకి పోయాక గుర్తొచ్చి లాభం లేదు.

బస్సెక్కడం

ఇది చిన్న పని. కొండ బస్సులు స్టేషన్ ముందు నుంచీ ఉంటాయి, బస్టాండులో వాటికని వేరే ప్రాంగణమూ ఉంది, ఏడుకొండల బస్ స్టేషన్ అంటారు. నేనైతే బస్టాండుకే పొమ్మంటాను. అక్కడ సీటు దొరుకుతుంది, వరసగా బస్సులుంటాయి, ఒకటి పోతే ఇంకొకటి. సప్తగిరి అని రాసున్నదైనా, కరెంటు బస్సైనా పర్వాలేదు. కడుపులో తిప్పే అలవాటుంటే కరెంటు బస్సే ఎక్కండి, డీజిల్ వాసన ఉండదు. డ్రైవర్ వెనక మూడో వరసలో కూర్చోవాలి, వెనక చక్రాల మీద ఎప్పుడూ కూర్చోకూడదు. పొద్దున్నే నెయ్యి కారే పొంగలి తిని బస్సెక్కేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

రానూపోనూ టికెట్ తీసుకుంటే దాని గడువు చూసి జాగ్రత్తగా పెట్టుకోండి. ఆడవాళ్ళు ఒకటి గమనించాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఉన్న ఉచిత ప్రయాణం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సులకు. కొండకు పోయే సప్తగిరి బస్సులు అందులో లేవు. కాబట్టి ఆధార్ చూపించి వాదనకు దిగకండి.

జీపులూ టాక్సీల గురించి కూడా చెప్పేస్తాను. ఇప్పుడే బయల్దేరతాది అన్న జీపు నిండేదాకా కదలదు. అది నిండేలోపు రెండు బస్సులు వెళ్ళిపోతాయి. సొంత కారులో పోతే తనిఖీ ఉండదు కదా అనుకుంటారు, కారులో వచ్చినా దిగాల్సిందే. పైకి చేరాక పార్కింగ్ కోసం తిరగడం అదనం. ఇక ఆటోవాడు కొండ మీద దింపుతానంటే అసలు నమ్మొద్దు, ఆటోలను ఘాట్ రోడ్డు ఎక్కనివ్వరు. అతను దింపేది అలిపిరిలో. అలిపిరి వరకే అయితే దేవస్థానం ఉచిత బస్సులు స్టేషన్ నుంచీ బస్టాండు నుంచీ తిరుగుతుంటాయి, దానికి ఆటో ఎందుకు?

అలిపిరి తనిఖీ: అందరూ తడబడేది ఇక్కడే

బస్సు ఊరు దాటి కొండ మొదట్లో టోల్‌గేటు దగ్గర ఆగుతుంది. అందరూ దిగుతుంటారు. కొత్తవాళ్ళు తిరుమల వచ్చేసిందనుకుంటారు, లేదా టీ కోసం ఆపారనుకుని కదలకుండా కూర్చుంటారు. రెండూ కావు. అందరూ సామాన్లన్నీ చేతబట్టుకుని దిగాలి, తనిఖీ షెడ్డులోంచి నడిచి అవతలికి రావాలి. ఈలోపు ఖాళీ బస్సు గేటు దాటి అటువైపు వచ్చి నిలబడుతుంది. మళ్ళీ అదే బస్సెక్కాలి.

అదే బస్సు. ఈ ముక్క రెండుసార్లు చదవండి. అవతల పక్క ఒకే రంగు బస్సులు వరసగా నిలబడి ఉంటాయి, అన్నిటి మీదా తిరుమల అనే ఉంటుంది. "ఎర్ర చీర కట్టుకున్నామె మన బస్సే" అని ఆమె వెంటపడి వేరే బస్సెక్కినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. అందుకే దిగేముందు చేయాల్సిన పని ఒకటుంది: బస్సు నంబర్ ప్లేటుకు ఫోన్‌లో ఫొటో తీయండి. చివరి నాలుగు అంకెలు గుర్తుంటాయిలే అనుకోకండి, పిల్లవాడు ఏడవడం మొదలుపెట్టాక ఏ అంకెలూ గుర్తుండవు. ఫొటో ఇంట్లో పెద్దవాళ్ళందరి ఫోన్లలోనూ ఉండాలి. ఎందుకంటే ఆడవాళ్ళ వరస వేరు, మగవాళ్ళ వరస వేరు. నంబరు భర్త ఫోన్‌లో ఉంటుంది, బస్సు ముందుకు భార్య చేరుతుంది. అవతల ఒకరికోసం ఒకరు వెతుక్కోవద్దు. ఎవరు ముందొస్తే వాళ్ళు నేరుగా బస్సెక్కి కూర్చోవాలి, కలుసుకునే చోటు బస్సే. దిగకముందే ఈ మాట అనుకోండి. వయసైనవాళ్ళ పక్కన ఒకరు ఉండి తీరాలి, వాళ్ళ సంచి కూడా ఆ మనిషే పట్టుకోవాలి.

సామాన్లన్నీ అంటే అన్నీ. సీటు కింద చెప్పుల సంచి, పైన అరలో పూల బుట్ట కూడా. సీటు పోతుందని భయమైతే తువ్వాలు వేసి దిగండి, బ్యాగు మాత్రం వదలొద్దు. సంచులు స్కానర్‌లో పోతాయి. మద్యం, మాంసం, సిగరెట్లు, బీడీలు, గుట్కా దొరికితే తీసేస్తారు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం, స్టీలు సీసా తెచ్చుకోమన్నది అందుకే. జేబులోని గుట్కా పొట్లం గురించి వరసలో నిలబడి వాదించే మనిషి వల్ల వెనక యాభైమంది ఆగుతారు, అతని బస్సూ ఆగుతుంది.

బస్సు ఎంతసేపు ఆగుతుందని అందరూ అడుగుతారు. ఎవరినైనా వదిలేసి పోవాలని డ్రైవర్‌కు ఉండదు గానీ, వెనక బస్సులు హారన్ కొడుతుంటే ఎంతసేపని నిలుపుతాడు? కాబట్టి తనిఖీ అయ్యాక టీ తాగడం, పాదాల మండపం దగ్గర సెల్ఫీ దిగడం లాంటివి పెట్టుకోవద్దు. బస్సు తప్పిపోతే టికెట్ చేతిలో ఉంచుకుని అక్కడున్న సిబ్బందిని అడగండి. తోచిన బస్సెక్కేయకండి.

నడిచిపోయేవాళ్ళకు ఈ బస్సు గోల లేదు. అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు దారిలో 2,388. వాళ్ళ సంగతి వేరు.

పైన, తిరిగి కిందికి

ఎక్కేది 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు మీద, దిగేది 1944 నాటి పాత దారిలో. మలుపుల తిప్పుడంతా దిగేటప్పుడే. పైన బస్టాండులో దిగాక ఇంక టాక్సీలు అక్కర్లేదు. ధర్మరథాలని దేవస్థానం ఉచిత బస్సులు కొండంతా తిరుగుతుంటాయి, చెయ్యెత్తకుండా స్టాపులో నిలబడితే చాలు.

కిందికి వచ్చేటప్పుడు తనిఖీ ఉండదు. కానీ ఆ దారిలో వాహనాలు 40 నిమిషాల కంటే ముందు దిగకూడదని నిబంధన, కాబట్టి త్వరగా పోనియ్యన్నా అని డ్రైవర్‌ను సతాయించి ప్రయోజనం లేదు. రైలుకు మూడు గంటల ముందు కొండ మీద బస్సెక్కాలి. రేణిగుంటలో రైలైతే నాలుగు. అర్ధరాత్రి దాటాక ఘాట్ రోడ్డు కొన్ని గంటలు మూసేస్తారు, తెల్లవారుజాము రైలుంటే ముందురోజు రాత్రే దిగిపోండి.

తిరుచానూరు అమ్మవారిని చూసుకోవాలంటే ఊరినుంచి ఐదు కిలోమీటర్లే, షేర్ ఆటో చాలు. ఎక్కేముందు మనిషికెంతో అడగండి, మొత్తానికెంత అని అడిగితే ఆటో అంతా మీదే అనుకుంటాడు. కాళహస్తికీ కాణిపాకానికీ ఈ బస్టాండు నుంచే బస్సులు.