తడి ఆరకుండా పడవకి ఫైబర్ వేయకండి

పోయిన వారం సీతానగరం వైపు ఒక పడవ వెనక పలక ఇంజనుతో సహా ఊడి కృష్ణలో పడిపోయింది. సరంగు ఒక్కడే ఉన్నాడు, లైఫ్ జాకెట్ వేసుకున్నాడు కాబట్టి ఒడ్డుకి చేరాడు. పడవని గట్టుకి లాగాక వెళ్లి చూశాను. బయట కొత్త ఫైబర్ (రెజిన్ అనే జిగురులో తడిపి వేసే గాజు నార పొర), మెరిసే పెయింటు. లోపల ప్లైవుడ్ నానబెట్టిన అటుకుల్లా ఉంది, వేలితో గీరితే ఊడొచ్చింది. ఆ రిపేరు చేయించి ఏడాది కూడా కాలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో పదిహేనేళ్లుగా ఫైబర్ పని చేస్తున్నాను. ప్రకాశం బ్యారేజీకి వరద వచ్చి బోట్లు ఆపేయగానే ఓనర్లు పడవల్ని గట్టెక్కిస్తారు. కార్తీకంలో భవానీ ద్వీపానికి జనం వస్తారు, ఆలోపు తయారవ్వాలి. అంటే గాలిలో చెమ్మ ఎక్కువగా ఉండే శ్రావణ భాద్రపదాల్లోనే మనం ఈ పని పెట్టుకుంటున్నాం. నా భయమంతా దాని గురించే. పగుళ్లు పూడ్చడం, రంగు వేయడం మీకు తెలిసినవే, వాటి జోలికి వెళ్లను.

నా దగ్గరకి రెండోసారి వచ్చిన పడవలన్నిటిదీ దాదాపు ఒకటే కథ. లోపల తడి ఉండగానే పైన ఫైబర్ వేసేశారు.

ఫైబర్ కుళ్లదు. కుళ్లేది దాని మధ్యలో ఉన్న చెక్క. పాత పడవల్లో డెక్కు, వెనక పలక, అడుగు దూలాలు రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్డో బాల్సా చెక్కో పెట్టి చేసినవే. నీళ్లు పడవ అడుగు నుంచి వస్తాయనుకుంటాం. ఎక్కువగా వచ్చేది పై నుంచే, స్క్రూలు, బోల్టులు బిగించిన రంధ్రాల గుండా. తెరచాప పడవైతే స్తంభం అడుగు ఆనే చోటు, దాన్ని లాగి పట్టే తీగలు బిగించిన ప్లేట్ల చుట్టూ ముందు వెతకండి. అలాంటి చోట పైన మూసేస్తే తడికి బయటికి దారి ఉండదు. చెక్క కుళ్లి పొరలు విడిపోతాయి. అప్పుడు ఇంజను బరువంతా మోసేది పైనున్న పలచటి పొర ఒక్కటే.

సుత్తి పిడితో జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ వెళ్లండి. గట్టిగా ఉన్న చోట ఖంగుమంటుంది, పాడైన చోట బొదబొదమంటుంది. అనుమానం ఉన్న చోట లోపలి వైపు నుంచి చిన్న రంధ్రం వేసి పొట్టు చూడండి. పొడిగా లేత రంగులో వస్తే సరే. నల్లగా ముద్దగా వస్తే, పొడి పొట్టు వచ్చేదాకా నాలుగు వైపులా రంధ్రాలు వేస్తూ పోవాలి. నల్లబడిన చెక్క ఆరినా బలం తిరిగి రాదు. లోపలి పొర కోసి ఆ చెక్కంతా తీసేయండి, బయటి పొరని అచ్చులా అలాగే ఉంచండి. రంధ్రాల్లో రెజిన్ పోస్తే చాలనే వాళ్ల మాట వినకండి. తడి చెక్కలోకి రెజిన్ దిగదు, పైగా ఉన్న తడిని లోపలే బంధిస్తుంది.

అడుగున పొక్కులుంటే పొడిచి చూడండి. వెనిగర్‌లాంటి పుల్లటి వాసన వస్తే ఆ పొక్కులన్నీ విప్పి, మంచినీళ్లతో నాలుగైదు సార్లు కడిగాకే ఆరబెట్టాలి. ఆ పులుపు మిగిలిందంటే తేమని మళ్లీ లాక్కుంటుంది.

ఆరిందో లేదో చేత్తో తాకితే తెలియదు. అడుగు చదరం పాలిథిన్ కవరు నాలుగు వైపులా టేపుతో అంటించి, ఒక పగలంతా ఎండలో ఉంచండి. కవరు లోపల చెమట పట్టిందంటే ఇంకా ఆరలేదు. వరుసగా మూడు రోజులు పొడిగా ఉంటేనే పని మొదలుపెట్టండి. 2024 సెప్టెంబరు వరదలో మునిగిన పడవ ఒకటి నా షెడ్డులో ఫిబ్రవరి దాకా ఆరింది.

"కార్తీకం పోతుంది మేస్త్రీ" అంటారు. పోనివ్వండి. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం నాడు ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ తిరగబడి ఎంతమంది పోయారో ఈ ఊరు మర్చిపోలేదు. దాని కారణాలు వేరు. కానీ జనం మీ పడవ ఎక్కేదీ అలాంటి రద్దీ రోజునే, పిల్లలతోనే.

ఇక మిగతావి. కోసిన లోపలి పొర అంచుని దాని మందానికి 12 రెట్లు ఏటవాలుగా అరగదీయండి, 6 మిల్లీమీటర్ల పొరకి 7 సెంటీమీటర్లు. నిలువు అంచుకి అతికిస్తే అక్కడే విడిపోతుంది.

ముందు అసిటోన్‌తో తుడవండి, తర్వాతే గ్రైండర్ పెట్టండి. వరస మారిస్తే మైనం, నూనె గీతల్లోకి ఇంకిపోతాయి.

రెజిన్ గట్టిపడటానికి పోసే కోబాల్ట్, క్యాటలిస్ట్ రెండిటినీ నేరుగా కలపొద్దు, మంటలు లేస్తాయి, పేలుతుంది. కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే క్యాటలిస్ట్ పోయాలి. 100 గ్రాముల రెజిన్‌కి క్యాటలిస్ట్ 1 నుంచి 2 గ్రాములు. చెమ్మగా ఉంది కదా అని ఎక్కువ పోయొద్దు.

మామూలు రెజిన్ బదులు ఎపాక్సీ రెజిన్ వాడితే నేసిన గాజు గుడ్డ తీసుకోండి. మామూలు మ్యాట్ అంటే నేయకుండా బంకతో అతికించిన గాజు నార, ఆ బంక ఎపాక్సీలో కరగదు.

నాలుగైదు పొరలు ఒకేసారి వేయొద్దు, వేడెక్కి పగులుతుంది.

వాన పడుతుంటే రెజిన్ డబ్బా మూత తీయొద్దు.

ముక్కుకి చేతిరుమాలు చాలదు. ఫిల్టర్ ఉన్న మాస్క్, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా.

తడి నేల మీద నిలబడి గ్రైండర్ పట్టుకోవద్దు.

ఆరబెట్టడానికి హాలోజన్ లైటు పెట్టి ఇంటికి వెళ్లొద్దు.

పడవ తేలడానికి లోపల నింపిన ఫోమ్ నానితే ఆరదు. తీసి పారేయండి.

బోల్టు రంధ్రాలు పెద్దవి చేసి ఎపాక్సీ నింపండి. గట్టిపడ్డాక మళ్లీ రంధ్రం వేయండి. ఇది మానేస్తే మళ్లీ మొదటికే.

తడి మీద ఫైబర్ వేయొద్దు. మేస్త్రీ వేస్తానన్నా వేయనివ్వొద్దు.

ఇంజను బిగించాక మొదట గట్టు పక్కన, లోతు లేని చోట, ప్రయాణికులు లేకుండా గంటసేపు నడపండి. గట్టెక్కించి వెనక పలకని మళ్లీ తట్టి చూడండి. బొదబొదమందంటే ఇంజను విప్పేయండి.