ఎర్రనీళ్లు వచ్చాయి, ఫోను తుడిచారా?

గోదావరికి ఎర్రనీళ్లు, అంటే వరద నీళ్లు, వచ్చాయంటే మా ఆసుపత్రి వార్డు లెక్క మారిపోతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది దాటితే నది మధ్య లంకల వాళ్లు పడవ దొరికినప్పుడే వస్తారు, వచ్చినవాళ్లు వరద తీసేదాకా కదలరు. విరేచనాలు, జ్వరాలు, నీళ్లలో నాని చీము పట్టిన కాళ్లు. మంచాల మధ్య జాగా ఉండదు, కరెంటు నిలకడగా ఉండదు. చేతులు కడుక్కోమని ఈ రోజుల్లో అందరూ చెబుతారు. కడుక్కున్న చేత్తో మనం మొదట పట్టుకునేది ఫోనునే కాబట్టి నేను దాని సంగతి చెబుతాను.

అలాంటి ఓ వరద రాత్రి కరెంటు పోయింది. చంటివాడికి సెలైన్ పెట్టాలి, నరం దొరకడం లేదు. నా ఫోనులో లైటు వేసి పళ్ల మధ్య కరిచిపట్టుకుని పెట్టేశాను. పక్క మంచం మామ్మగారు కూడా మెచ్చుకుంది. జేబులో వేసుకోబోతూ చూస్తే ఫోను అంచున ఎండిన రక్తపు చుక్క. ఆ పిల్లాడిది కాదు, ఎప్పటిదో. కవరు ఊడదీస్తే లోపల మడతపెట్టిన వంద నోటు, అన్నవరం సత్యదేవుడి బుల్లి ఫొటో, చుట్టూ బూడిదరంగు జిడ్డు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఫోనుల మీద ఉండేవి ఎక్కువ భాగం మన చర్మం మీది సూక్ష్మజీవులే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లని ఏమీ చేయవు. కానీ ఆసుపత్రి ఫోనుల మీద స్టెఫైలోకాకస్ ఆరియస్, క్లెబ్సియెల్లా, ఎసినెటోబాక్టర్ లాంటి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా కూడా దొరుకుతుంటాయి. ఎసినెటోబాక్టర్ అయితే పొడి జాగాలో కూడా వారాల తరబడి బతికి ఉంటుంది. ఫోను మీద కనిపించిన ప్రతిదీ రోగికి ఎక్కేస్తుందని అనను, టెన్షన్ పెట్టడం నా పని కాదు. క్యాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టం), యూరిన్ గొట్టం ఉన్నవాళ్లు, కాలిన గాయాలవాళ్లు, నెల తక్కువ పిల్లలు మాత్రం ఆ చిన్న అవకాశానికి కూడా తట్టుకోలేరు.

కాబట్టి డ్యూటీ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, మధ్యలో రక్తం గానీ చీము గానీ పడితే అప్పటికప్పుడు తుడవండి. ఫోను ఆపి, ఛార్జరు తీసి, కవరు విడిగా పెట్టండి. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాలు వైప్ (తుడవడానికి తడిపి అమ్మే కాగితం) గానీ, ఆ ఆల్కహాలుతో తడిపి పిండిన మెత్తటి గుడ్డ గానీ చాలు. నూటికి నూరు శాతం ఆల్కహాలు ఇంకా బాగా పనిచేస్తుందనుకోవద్దు. సూక్ష్మజీవిలోని ప్రోటీన్లని దెబ్బతీయాలంటే నీళ్లు కూడా ఉండాలి, పైగా ఘాటుది ఇట్టే ఆవిరైపోతుంది. తుడిచాక పైట చెంగుతో మళ్లీ రుద్దేయకండి, ఆ తడి దానంతటదే ఆరాలి. ఫోను మీద స్ప్రే కొట్టొద్దు, బ్లీచింగు, ఫినాయిలు అసలే వద్దు. అలంకారాలు లేని మామూలు రబ్బరు కవరైతే సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. కుచ్చులు, అద్దాలు ఉన్న కవర్లు ఈ వరదల మూడు నెలలూ ఇంట్లోనే ఉంచండమ్మా, చూడముచ్చటగానే ఉంటాయి గానీ తుడవడానికి కుదరదు.

తుడవడం కన్నా ముఖ్యమైనది ఎప్పుడు ముట్టుకుంటున్నామనేది. గ్లౌజులతో ఫోను ఎత్తొద్దు. డ్రెస్సింగు ట్రాలీ మీద, మంచం మీద పెట్టొద్దు. పని మధ్యలో ఫోను ముట్టుకుంటే మళ్లీ చేతులు శుభ్రం చేసుకున్నాకే రోగిని ముట్టుకోవాలి: ఆల్కహాలు హ్యాండ్ రబ్ అయితే 20–30 సెకన్లు, సబ్బు అయితే 40–60. విరేచనాల వార్డులో సబ్బునీళ్లే వాడండి, విరేచనాలు తెచ్చే కొన్ని సూక్ష్మజీవులకి ఆల్కహాలు సరిపోదు. అలాంటి వార్డులోకి వీలైతే ఫోను తీసుకెళ్లకపోవడమే మేలు. బాత్రూములోకి తీసుకెళ్లొద్దని వేరే చెప్పాలా?

లంకల్లో క్యాంపుకి వెళ్లే ఏఎన్‌ఎంలు, ఆశాలు ఫోనుని జిప్ కవర్లో వేసుకుంటారు. మంచి పద్ధతే. పైనుంచే తెర పనిచేస్తుంది, కవరుని తుడవడమూ తేలిక. కాకపోతే చిరిగినా, లోపల చెమ్మ చేరినా మార్చేయండి.

రోగి బంధువులతోనే కష్టం. సెలైన్ ఎక్కుతున్న పిల్లాడు ఏడుస్తుంటే వాళ్లమ్మ ఫోను చేతిలో పెడుతుంది, వాడు నోట్లో పెట్టుకుంటాడు. వద్దంటే “ఆయ్, ఒక్క నిమిషమండి సిస్టరుగారూ, ఊరుకోగానే తీసేత్తానండి” అంటుంది. ఆవిడతో వాదించను. వైప్ ఇచ్చి, ముందు ఫోను తుడిచి ఇవ్వమ్మా అంటాను. తుడుస్తారు.

పళ్ల మధ్య ఫోను పట్టుకునే అవసరం లేకుండా, ఆ తర్వాత తలకి కట్టుకునే లైటొకటి వార్డుకి కొనిపించాం. దాని పట్టీని కూడా తుడవాలి. ఛార్జింగు మాత్రం ఎవరూ పెట్టరు. డ్యూటీ అప్పగించేటప్పుడు ఒకసారి వెలిగించి చూసుకోండి.